జైనూర్ మండలం: ఏ పని ఏ కార్యాలయంలో

జైనూర్ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని మండల కేంద్రం. ఇక్కడి వారికి ప్రభుత్వం రెండు దిక్కుల ఉంటుంది. కలెక్టర్, ఆర్డీవో, జిల్లా శాఖల అధికారులు తూర్పున ఆసిఫాబాద్‌లో ఉంటారు. గిరిజనుల వ్యవహారాలు చూసే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీఏ, పడమట ఉట్నూరులో ఉంది. ఉట్నూరు దగ్గర, కానీ అది ఆదిలాబాద్ జిల్లా. సొంత జిల్లా కేంద్రానికి పోవాలంటే కెరమెరి ఘాట్ దిగి పోవాలి. అందుకే ఈ మండలంలో ఒక పని ఏ ఆఫీసుదో ముందే తెలుసుకోవడం చాలా అవసరం. తప్పు దిక్కుకు పోయిన మనిషికి ఒక రోజు కూలీ, బస్సు చార్జీలు రెండూ పోతాయి.

ఈ పరిస్థితి 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజనతో వచ్చింది. అంతకు ముందు జైనూర్, ఉట్నూరు, ఆసిఫాబాద్ మూడూ ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేవి. ఇంకా వెనక్కి పోతే ఈ ప్రాంతం ఉట్నూరు తాలూకాలోది. పక్క మండలం సిర్పూర్ పేరు వెనుక బ్రాకెట్లో ఉండే ‘యూ’ అక్షరం ఆ ఉట్నూరుకు గుర్తే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో జిల్లా మారింది. ఐటీడీఏ మాత్రం విడిపోలేదు, ఉట్నూరు నుంచే పాత ఉమ్మడి జిల్లా అంతటి గిరిజన ప్రాంతాలను చూస్తోంది. పాత సర్టిఫికెట్ల మీద, పట్టాల మీద ‘ఆదిలాబాద్ జిల్లా’ అని ఉండడం తప్పు కాదు, ఆనాటికి అదే సరి. ఆ కారణం చెప్పి కాగితాన్ని తిప్పి పంపితే, జిల్లా మారిన తేదీని గుర్తు చేయవచ్చు.

జైనూర్ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న ఏజెన్సీ ప్రాంతం. గోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు, అంధ్ తెగవారు, లంబాడాలు, మరాఠీ, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఇక్కడ కలిసి ఉంటాయి. మైదాన ప్రాంతపు మండలంలో లేని చట్టాలు కొన్ని ఇక్కడ ఉన్నాయి, వాటి కోసం వేరే అధికారులూ ఉన్నారు. ఈ ఏర్పాటు వెనుక మండలంలోని ఒక ఊరి చరిత్ర ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం పోరాటం రక్తపాతంతో ముగిశాక, గిరిజనుల స్థితిని తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌ను నియమించింది. ఆయన జైనూర్ మండలంలోని మార్లవాయిలో మకాం వేశాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. 1946లో వచ్చిన హైదరాబాద్ గిరిజన ప్రాంతాల నిబంధనలో ఆయన సలహాలకు చోటు దొరికింది. గిరిజనుల గొడవలు వారి పంచాయతీల్లోనే తేలాలని, వారి కోసం ప్రత్యేక అధికారి ఉండాలని అప్పుడు పెట్టిన ఆలోచనకు నేటి ఐటీడీఏ వారసురాలు. హైమండార్ఫ్ భార్య ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది.

ఇచ్చే చోటు, విచారించే మనిషి, సంతకం పెట్టే అధికారి

ఏ పనికైనా మూడు దశలు ఉంటాయి. దరఖాస్తు ఇచ్చేది ఒక చోట, విచారణ చేసేది ఇంకొకరు, మంజూరు చేసేది మరొకరు. చాలామంది మొదటి దశనే ఆఫీసు అనుకుంటారు. మీసేవలో కాగితం ఇచ్చి, వారం తర్వాత మళ్లీ మీసేవకే పోయి ‘ఏమైంది’ అని అడుగుతారు. 2011లో మొదలైన మీసేవ దరఖాస్తులు తీసుకుని రసీదు ఇచ్చే కౌంటరు మాత్రమే. అది ఏ పనినీ మంజూరు చేయదు. రసీదు మీద ఉండే దరఖాస్తు నంబరుతో కాగితం ఎవరి దగ్గర ఆగిందో చూడవచ్చు. చేతికి వచ్చిన ఆ చిన్న చీటీని పడేయకుండా దాచుకున్నవారి పని సగం అయినట్టే.

కుల ధ్రువీకరణ పత్రాన్నే చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. దరఖాస్తు మీసేవలో ఇస్తారు. తహసీల్ కార్యాలయం నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, జనం మాటలో గిర్దావర్, విచారణ చేస్తాడు. తహసీల్దార్ సంతకం పెడతాడు. కొన్ని గిరిజన తెగల పేర్ల విషయంలో ఆర్డీవో సంతకం కావాలి. కుల, నివాస వివరాలు కలిపిన పత్రానికి ముప్పై రోజుల గడువు ఉంటుంది. ఆదాయ పత్రం త్వరగా వస్తుంది. బడులు తెరిచే జూన్‌లో పరుగులు పెట్టడం కన్నా వేసవిలోనే ఈ పత్రం తీసుకోవడం మంచిది. ఆడపిల్ల పెళ్లికి సాయం ఇచ్చే కల్యాణలక్ష్మిలో ఈ గొలుసు ఇంకా పొడుగు. మీసేవలో దరఖాస్తు, తహసీల్ విచారణ, ఎమ్మెల్యే ఆమోదం, ఆర్డీవో మంజూరు. చెక్కు ఆగినప్పుడు ఈ నలుగురిలో ఎవరి దగ్గర ఆగిందో తెలియకపోతే అడగడానికి దారే ఉండదు.

పేర్ల తేడాలు ఈ మండలంలో పెద్ద సమస్య. ఒకే ఇంటిపేరు ఆధార్‌లో ‘ఆత్రం’, రేషన్ కార్డులో ‘అత్రం’, భూమి పాసుపుస్తకంలో ఇంకోలా ఉంటుంది. గోండి, మరాఠీ, ఉర్దూ పేర్లను తెలుగులో, ఇంగ్లిషులో ఎవరికి తోచినట్టు వారు రాసిన ఫలితం ఇది. అన్నిటినీ ఒకే ఆఫీసు సరిచేయలేదు. ఆధార్ పేరు ఆధార్ కేంద్రంలో, భూమి రికార్డు తహసీల్దార్ దగ్గర, రేషన్ కార్డు మీసేవ ద్వారా, బడి రికార్డు హెడ్మాస్టర్ దగ్గర మార్చుకోవాలి. ముందు ఆధార్‌ను బడి లేదా పుట్టుక రికార్డుతో సరిచేసుకుని, దాని ప్రకారం మిగతావి మార్చుకుంటే తిరుగుడు తగ్గుతుంది.

పంచాయతీ నుంచి మండలం దాకా

ఊళ్లో మొదటి ఆఫీసు గ్రామ పంచాయతీ. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక గూడేలు, తండాలు చాలావరకు వేరే పంచాయతీలయ్యాయి. ఏజెన్సీలో సర్పంచ్ పదవులన్నీ గిరిజనులకే రిజర్వు. వీధి దీపాలు, మురికి కాలువలు, ఊళ్లో తాగునీటి పంపిణీ, ఇంటి పన్ను, ఇంటి నిర్మాణ అనుమతి, జనన మరణాల నమోదు, అన్నీ పంచాయతీ కార్యదర్శి పనులే. అక్కడ పని కాకపోతే మండల పంచాయతీ అధికారికి, ఆపైన జిల్లా పంచాయతీ అధికారికి చెప్పాలి.

జనన మరణాల్లో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. నమోదు చేసేది మనిషి ఊరిని బట్టి కాదు, ఘటన జరిగిన చోటును బట్టి. జైనూర్ తల్లికి ఆదిలాబాద్ రిమ్స్‌లో బిడ్డ పుడితే సర్టిఫికెట్ ఆదిలాబాద్ మున్సిపాలిటీ నుంచి వస్తుంది. సొంత ఊరి కార్యదర్శి దగ్గర ఎన్నిసార్లు అడిగినా ఆయన రికార్డులో ఆ పేరు ఉండదు. ఇంటి దగ్గర జరిగిన పుట్టుకను, చావును 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే ఆర్డీవో స్థాయి ఉత్తర్వు కావాలి. 2023లో చట్టం సవరించాక ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టినవారికి వయసు రుజువుగా జనన ధ్రువీకరణ పత్రమే ప్రధానం. గూడెంలో కాన్పు అయితే ఆశా కార్యకర్త రాసుకున్నది ఆరోగ్య శాఖ లెక్కకే అని, పంచాయతీలో నమోదు వేరే పని అని గుర్తుంచుకోవాలి.

జైనూర్‌లో జనం ఎక్కువగా పోయే ఆఫీసులు రెండు. ఒకటి తహసీల్, జనం ఇప్పటికీ ఎమ్మార్వో ఆఫీసు అంటారు. రెండోది ఎంపీడీవో ఆఫీసు. భూమి, కులం, ఆదాయం, ఇళ్ల స్థలాలు, ఓటరు జాబితా, ప్రకృతి వైపరీత్యాల నష్టం తహసీల్‌వి. పింఛన్లు, ఉపాధి హామీ, ఇందిరమ్మ ఇళ్లు ఎంపీడీవోవి. కరెంటు బిల్లుకు సంబంధించిన గృహజ్యోతి సైతం ఎంపీడీవో ఆఫీసుదే. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి బిల్లు రాకపోవాలంటే ప్రజాపాలన దరఖాస్తులో రేషన్ కార్డు, మీటర్ నంబరు సరిగా ఎక్కాలి. ఆ సవరణ చేసేది ఎంపీడీవో ఆఫీసులోని కౌంటరు. లైన్‌మన్‌తో గొడవ పడి లాభం లేదు. తీగ తెగినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా మాత్రం విద్యుత్ సంస్థ సెక్షన్ ఏఈ దగ్గరికే పోవాలి, లేదా 1912కు ఫోన్ చేయాలి. ఈ మండలం వరంగల్ ప్రధాన కేంద్రంగా ఉన్న ఉత్తర డిస్కం పరిధిలోది.

రేషన్ విషయంలో ఏజెన్సీకి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ చాలాచోట్ల బియ్యం ఇచ్చేది గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, నడిపే డీఆర్ డిపో. 1956లో పుట్టిన ఈ సంస్థ గిరిజనులు తెచ్చే ఇప్పపువ్వు, జిగురు, చింతపండు వంటి అటవీ ఉత్పత్తులను కొంటుంది. డిపోలో సరుకు రాకపోతే జీసీసీ వారిని అడగాలి. కార్డులో పేరు లేకపోతే అది పౌరసరఫరాల శాఖ పని, దారి మీసేవ, తహసీల్.

భూమి

జైనూర్‌లో అన్నిటికన్నా చిక్కు వ్యవహారం భూమి. ఇక్కడి భూమి వ్యవహారాలు మూడు రకాలు, మూడింటికీ ఆఫీసులు వేరు.

మొదటిది పట్టా భూమి. 1984లో పట్వారీ వ్యవస్థ పోయింది, 2020లో వీఆర్వో పదవులూ పోయాయి. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన ధరణితో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ చేతికి వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి చట్టం అమల్లో ఉంది. తప్పు సర్వే నంబరు, తగ్గిన విస్తీర్ణం, విరాసత్ వంటి వాటికి భూభారతిలో దరఖాస్తు చేసుకోవాలి. తహసీల్దార్ ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవోకు, ఆపైన కలెక్టర్‌కు అప్పీలు పోవచ్చు. ధరణి కాలంలో చాలా చిన్న తప్పులకు కూడా కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చిందన్నది చాలామంది రైతుల అనుభవం. అప్పీలు మార్గం తిరిగి రావడం గట్టి మేలు. పాత హక్కు రుజువు చేయడానికి 1954-55 ఖాస్రా పహాణీ నేటికీ గట్టి ఆధారం. దాని నకలు రెవెన్యూ రికార్డుల నుంచి తీసుకోవచ్చు.

రెండోది అటవీ హక్కుల పట్టా. 2006 చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి గిరిజనులు సాగులో ఉంచుకున్న అటవీ భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండా, హక్కు ఇస్తారు. దరఖాస్తు అటవీ శాఖకు ఇవ్వకూడదు. గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీకి ఇవ్వాలి. గ్రామసభ తీర్మానం ఆర్డీవో అధ్యక్షతన ఉండే డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పోతుంది. గ్రామసభ నిర్ణయం మీద అభ్యంతరం ఉంటే 60 రోజుల్లో డివిజన్ కమిటీకి చెప్పుకోవాలి. 2023 జూన్ 30న అప్పటి ముఖ్యమంత్రి ఈ పట్టాల, జనం మాటలో పోడు పట్టాల, పంపిణీని ఆసిఫాబాద్‌లోనే మొదలుపెట్టారు. రాష్ట్రమంతటా సుమారు 4.06 లక్షల ఎకరాలకు పట్టాలు ఇస్తున్నట్టు అప్పుడు ప్రకటించారు. ఈ పట్టా వారసులకు వస్తుంది, అమ్మడానికి వీలు లేదు.

మూడోది చేతులు మారిన భూమి. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ కావడాన్ని 1959 నాటి భూబదిలీ నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ నిషేధించాయి. జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది ఈ సవరణనే. ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము కూడా భూమి అమ్ముకోకూడదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. ఈ కేసులు విచారించేది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్, అప్పీలు ప్రభుత్వ ఏజెంట్ హోదాలో ఉండే కలెక్టర్‌కు. తహసీల్దార్‌కు ఇచ్చిన అర్జీతో గానీ పోలీస్ స్టేషన్లో పంచాయితీతో గానీ ఈ వ్యవహారం తేలదు. మండల కేంద్రంలో వ్యాపారం చేసుకునే గిరిజనేతర కుటుంబాలు సైతం ఈ నిబంధన తెలుసుకుని ఉండాలి. తెల్ల కాగితం మీద కొన్న స్థలానికి ఇక్కడ చట్టబద్ధత రాదు.

ఉట్నూరు వైపు పనులు

ఐటీడీఏకు అధిపతి ప్రాజెక్టు అధికారి, జనం పీవో అంటారు. గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు, గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్ పనులు, గిరిజన యువతకు శిక్షణలు, రుణాలు, పోడు పట్టాల రికార్డులు ఈ వైపు చూసుకోవాలి. బడుల విషయంలో రెండు పాలనలు పక్కపక్కనే నడుస్తాయి. మండల పరిషత్, జిల్లా పరిషత్ బడులు ఎంఈవో కింద, డీఈవో కింద ఉంటాయి. ఆశ్రమ పాఠశాలలు గిరిజన సంక్షేమ అధికారుల కింద ఉంటాయి. ఆశ్రమ పాఠశాలలో భోజనం బాగాలేదని ఎంఈవోకు అర్జీ ఇస్తే ఆయన చేయగలిగింది తక్కువ. ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్పుల్లో విద్యార్థి కులాన్ని బట్టి ఆఫీసు మారుతుంది. గిరిజనులకు గిరిజన సంక్షేమ శాఖ, బీసీలకు బీసీ సంక్షేమ శాఖ, ముస్లింలకు మైనారిటీ సంక్షేమ శాఖ. ఒకే తరగతి గదిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు పిల్లల ఫైళ్లు మూడు ఆఫీసుల్లో ఉంటాయి.

రోడ్ల సంగతి కూడా ఇలాగే ఉంటుంది. ఊరి లోపలి సిమెంటు రోడ్డు పంచాయతీది. ఊరి నుంచి ఊరికి పోయేది పంచాయతీరాజ్ ఇంజనీర్లది. మండలం నుంచి జిల్లాకు పోయే పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది. గూడెం రోడ్డు గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్ విభాగం వేయవచ్చు. ఇవన్నీ సిద్ధమైనా మధ్యలో అడవి వస్తే అటవీ శాఖ అనుమతి దగ్గర పని ఆగుతుంది. ఇక్కడ అందరికీ తెలియని ఒక వెసులుబాటు ఉంది. రోడ్డు, బడి, అంగన్‌వాడీ, తాగునీటి వంటి 13 రకాల సౌకర్యాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వవచ్చని అటవీ హక్కుల చట్టమే చెబుతోంది. అలాంటి రోడ్డు కోసం మొదట పోవలసింది గ్రామసభకు. తీర్మానం చేతిలో ఉంటేనే మిగతా ఆఫీసుల్లో మాట చెల్లుతుంది.

ఆదివాసుల సంప్రదాయ పంచాయతీలైన రాయి సెంటర్లలో వాటి పెద్దలు, అంటే సార్మెడీలు, తీర్చే కుటుంబ, కట్టుబాటు గొడవలు ప్రభుత్వ పనుల లెక్కలోకి రావు. పెళ్లిళ్లు, విడాకులు, గ్రామాల మధ్య తగాదాల్లో ఆదివాసులకు ఆ మాట విలువైనది. కానీ నేరం జరిగితే పోలీస్ స్టేషనే దారి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి.

ఒక ఇంటి కాగితాలు

ఈ ఆఫీసులన్నీ ఒకే ఇంటికి ఎలా అవసరమవుతాయో ఇంటి పెద్ద చనిపోయినప్పుడు కనిపిస్తుంది. నలభై ఏళ్ల రైతు, కొంత పట్టా భూమి, ఇంటి మీద ఒక మీటరు, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు అనుకుందాం. అన్నిటికీ మూలం మరణ ధ్రువీకరణ పత్రం, అది చనిపోయిన చోటి పంచాయతీ నుంచో మున్సిపాలిటీ నుంచో రావాలి. దాని నకళ్లు కనీసం పది తీసి ఉంచుకోవడం మంచిది.

మొదట వ్యవసాయ విస్తరణ అధికారికి, అంటే ఏఈవోకు, కబురు పెట్టాలి. 2018 నుంచి ఉన్న రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. బీమా ఎల్‌ఐసీది, కానీ కాగితాలు కదిలించేది రైతు వేదికలోని ఏఈవో. నామినీ పేరు ఆధార్‌తో కలవకపోతే ఇక్కడే ఆగుతుంది. తర్వాత తహసీల్. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, భూభారతిలో విరాసత్, దారిద్ర్యరేఖ దిగువన ఉన్న ఇంటికి 20,000 రూపాయలు ఇచ్చే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం, మూడూ అక్కడివే. వితంతు పింఛను ఎంపీడీవో ఆఫీసుది. మీటరు పేరు మార్పు విద్యుత్ సెక్షన్ ఆఫీసుది. రేషన్ కార్డులో పేరు తీయించడం మీసేవ ద్వారా. భర్తకు పోడు పట్టా కూడా ఉంటే ఆ వారసత్వం సంగతి ఉట్నూరులో అడగాలి.

ఈ పనులకు వరుస ఉంది. కుటుంబ సభ్యుల పత్రం లేకుండా విరాసత్ కదలదు, మరణ పత్రం లేకుండా ఏదీ కదలదు. భర్త పోయిన నెలలోపు ఒక స్త్రీ ఇన్ని గుమ్మాలు ఎక్కవలసి రావడం న్యాయం కాదు. కార్యదర్శి మరణాన్ని నమోదు చేసిన రోజే ఆ సమాచారం మిగతా శాఖలకు చేరితే ఈ తిరుగుడులో చాలా భాగం అక్కర లేకుండా పోతుంది.

తప్పు ఆఫీసుకు పోయిన కాగితం

ఇలాంటి చిక్కు ఒక్క జైనూర్‌దే కాదు. హైదరాబాద్‌లో కూడా మురుగునీరు జలమండలిదో మున్సిపాలిటీదో తెలియక జనం ఇబ్బంది పడతారు. అమెరికాలో బాల్టిమోర్ నగరం 1996లో అత్యవసరం కాని పోలీసు ఫోన్ల కోసం 311 నంబరు పెట్టింది. తర్వాత అనేక నగరాలు అదే నంబరును ఏ ఫిర్యాదుకైనా ఒకటే నంబరుగా వాడాయి. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు తెరిచి శాఖల సిబ్బందిని ఊళ్లకే పంపింది. తెలంగాణలో ఆ పాత్ర కొంత ప్రజావాణి పోషిస్తోంది. సోమవారం కలెక్టరేట్‌లో అన్ని శాఖల అధికారులు ఒకే హాల్లో కూర్చుంటారు. ఏ శాఖదో తెలియని అర్జీని అక్కడ ఇస్తే కలెక్టర్ సంబంధిత అధికారికి పంపుతారు. ఉట్నూరు ఐటీడీఏలో గిరిజన దర్బారు కూడా సోమవారమే. రెండు చోట్లా పని ఉన్నవారు ఒక సోమవారం ఒకదాన్ని ఎంచుకోవాలి.

అర్జీ రెండు ప్రతులు రాయాలి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. పదిహేను రోజుల తర్వాత ఆ ముద్ర కాగితమే మాట్లాడుతుంది. అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ‘నా అర్జీ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఏ తేదీ నుంచి ఉంది’ అని రెండు ప్రశ్నలు రాస్తే చాలు. గ్రామ స్థాయి ఆఫీసులో దీనికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైస్థాయిలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవారు ఏమీ కట్టనక్కరలేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ చట్టం ఆరో సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ ప్రకారం, దరఖాస్తు తప్పు ఆఫీసుకు వస్తే ఆ ఆఫీసే ఐదు రోజుల్లోగా సరైన ఆఫీసుకు పంపి, ఆ సంగతి దరఖాస్తుదారుకు తెలియజేయాలి. ‘ఇది మా ఆఫీసుది కాదు, అక్కడికి పో’ అని సమాచార దరఖాస్తును తిప్పి పంపే అధికారం ఏ ఉద్యోగికీ లేదు. కోర్టుదాకా పోవలసి వస్తే షెడ్యూల్డ్ తెగలవారికి, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.